బియర్డెడ్ డ్రాగన్ పెంపకంలో వెలుతురు, వేడిమి

బియర్డెడ్ డ్రాగన్ ఆస్ట్రేలియా ఖండానికి చెందిన ఒక బల్లి జాతి సరీసృపం. దీని శాస్త్రీయ నామం పోగోనా విట్టిసెప్స్. గొంతు క్రింద ముళ్ళతో కూడిన సంచి వంటి చర్మం ఉండి, బెదిరినపుడు అది ఉబ్బి నల్లబడి గడ్డంలా కనిపించడం వలన దీనికి ఈ పేరు వచ్చింది. అమెరికాలోను, ఐరోపా దేశాలలోను దీనిని పెంపుడు జంతువుగా విరివిగా పెంచుతారు. తెలుగు నాట కంచెల మీద, తుమ్మ చెట్ల మీద కనిపించే తొండ కూడా ఇదే కుటుంబానికి, అనగా అగామిడే కుటుంబానికి చెందినది. అందువలన తొండ అలవాట్లు గమనించినవారికి ఈ జీవి అవసరాలు సులభంగా అర్థమవుతాయి.

గాజు పెట్టెలోనో, చెక్క పెట్టెలోనో పెరిగే ఈ జీవికి సూర్యుడు ఉండడు. సూర్యుడు ఒక్కడే ఇచ్చే మూడింటిని, అనగా వేడిమిని, కంటికి కనిపించే వెలుతురును, కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలను, పెంపకందారు దీపాలతో విడివిడిగా సమకూర్చవలసి ఉంటుంది. వీటిలో ఒకటి ఉన్నంత మాత్రాన మిగిలినవి ఉన్నట్లు కాదు. పెట్టె నిండా వెలుగు ఉండి, వెచ్చగా కూడా ఉండి, అతినీలలోహిత కిరణాలు లేకపోవడం వలన ఎముకలు మెత్తబడి చనిపోయే పిల్లలు అనేకం.

సహజ ఆవాసం

ఈ బల్లులు ఆస్ట్రేలియా లోతట్టు ప్రాంతాలలోని పొడి అడవులలో, పొదలలో, ఎడారి అంచులలో నివసిస్తాయి. ఇవి పగటిపూట సంచరించే జీవులు. ఉదయాన్నే చెట్టు మోడు మీదకో, కంచె గుంజ మీదకో ఎక్కి ఎండ కాచుకుంటాయి. ఒళ్ళు చల్లగా ఉన్నపుడు వీపు రంగు ముదురుగా మారి వేడిని త్వరగా గ్రహిస్తుంది. వేడెక్కిన తరువాత రంగు పాలిపోతుంది. తొండ ముదిరి ఊసరవెల్లి అయిందని తెలుగువారు హాస్యానికి అనే మాట ఈ జీవి విషయంలో కొంత నిజమే అనిపిస్తుంది. మధ్యాహ్నం ఎండ మితిమీరితే నీడకో, బొరియలోకో చేరుతాయి. అనగా ఇవి తమ శరీర ఉష్ణోగ్రతను స్థలం మార్చడం ద్వారా అదుపు చేసుకుంటాయి. వీటి తల పైభాగాన కాంతి తీవ్రతను గ్రహించే చిన్న "మూడవ కన్ను" కూడా ఉంటుంది. దీనితో బొమ్మ కనిపించదు గాని, పైనుండి పడే వెలుగు ఎంత అన్నది తెలుస్తుంది.

వేడిమి

సరీసృపాలు తమ శరీరంలో తగినంత వేడిని పుట్టించుకోలేవు. బియర్డెడ్ డ్రాగన్ చురుకుగా ఉన్నపుడు దాని శరీర ఉష్ణోగ్రత సుమారు 35 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. అంతకంటే చాలా చల్లగా ఉంటే ఆహారం జీర్ణం కాదు, కడుపులోనే నిలిచిపోతుంది. రోగనిరోధక శక్తి కూడా తగ్గుతుంది.

పెట్టె అంతటా ఒకే వేడి ఉంచడం పెంపకందారులు తరచుగా చేసే పొరపాటు. ఒక చివర వేడిగా, మరొక చివర చల్లగా ఉంటేనే జీవి తనకు కావలసిన చోటును ఎంచుకోగలదు. ఎండ కాచుకునే రాయి లేదా కొమ్మ ఉపరితలం 38 నుండి 42 డిగ్రీల వరకు, చల్లని వైపు గాలి 22 నుండి 26 డిగ్రీల వరకు ఉండాలి. ఇంత తేడా రావాలంటే పెట్టె పొడవుగా ఉండాలి. పెద్ద బల్లికి కనీసం 120 సెంటీమీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు అవసరం. చిన్న పెట్టెలో దీపం వెలిగించిన కొద్ది సేపటికే రెండు చివరలూ ఒకే విధంగా వేడెక్కుతాయి. అప్పుడు జీవికి తప్పించుకునే దారి ఉండదు.

వేడి పైనుండి రావడం సహజం. ఇందుకు సాధారణ ఫిలమెంటు బల్బు గాని, హాలోజన్ స్పాట్ బల్బు గాని సరిపోతుంది. ఇవి వెలుతురుతో పాటు చర్మం లోపలికి చొచ్చుకుపోయే పరారుణ కిరణాలను ఇస్తాయి. బల్బు వాటేజి ఎంత ఉండాలన్నది గది చలిని బట్టి, పెట్టె ఎత్తును బట్టి మారుతుంది. దీనికి ఒకే సంఖ్య చెప్పే పట్టికలను నమ్మడం కంటే, ఉష్ణమాపకంతో కొలిచి బల్బు మార్చుకోవడం మేలు. ఉపరితలాన్ని కొలవడానికి పరారుణ ఉష్ణమాపకం, గాలిని కొలవడానికి తీగ చివర సెన్సారు గల ఉష్ణమాపకం వాడతారు. పెట్టె గోడకు అతికించే గుండ్రని డయల్ మీటర్లు ఆ గోడ దగ్గరి గాలిని మాత్రమే సూచిస్తాయి, అది కూడా తరచుగా తప్పుగా.

విద్యుత్తుతో లోపలి నుండి వేడెక్కే కృత్రిమ రాళ్ళు వాడకూడదు. వాటిపై పడుకున్న బల్లులకు పొట్ట చర్మం కాలిన సంఘటనలు పశువైద్యులకు సుపరిచితం. బల్బును పెట్టె లోపల అమర్చినట్లయితే, జీవి దానిని తాకకుండా చుట్టూ తీగ జాలి ఉండాలి. వేడి పరికరాలను థర్మోస్టాట్‌కు కలపడం వలన ప్రమాదం తగ్గుతుంది.

అతినీలలోహిత కిరణాలు

అతినీలలోహిత కిరణాలను 1801లో జర్మనీకి చెందిన జోహాన్ విల్హెల్మ్ రిట్టర్ కనుగొన్నాడు. వీటిలో 315 నుండి 400 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గలవి యువిఎ కిరణాలు. మనిషి కంటికి కనబడని ఈ కిరణాలు బియర్డెడ్ డ్రాగన్‌కు ఒక రంగుగా కనిపిస్తాయి. 280 నుండి 315 నానోమీటర్ల మధ్యవి యువిబి కిరణాలు. ఎముకల ఆరోగ్యం వీటి మీద ఆధారపడి ఉంటుంది.

చర్మంలో ఉండే 7-డీహైడ్రోకొలెస్టరాల్ అనే పదార్థం యువిబి తగిలినపుడు ప్రీవిటమిన్ డి3గా మారుతుంది. ఇది శరీరపు వెచ్చదనం వలన క్రమంగా విటమిన్ డి3 అవుతుంది. తరువాత కాలేయంలోను, మూత్రపిండాలలోను మార్పు చెంది, పేగులు ఆహారంలోని కాల్షియంను గ్రహించేలా చేస్తుంది. మొదటి మెట్టుకు కిరణం, రెండవ మెట్టుకు వేడి అవసరం కనుక యువిబి దీపం, వేడి దీపం రెండూ ఒకే చోట పడేలా అమర్చాలి. వేడి ఒక మూలన, యువిబి మరొక మూలన ఉంటే, జీవి వేడి క్రిందనే రోజంతా గడిపి కిరణాలకు దూరమవుతుంది.

విటమిన్ డి3 పొడిని ఆహారంపై చల్లితే చాలదా అన్న ప్రశ్న సహజం. బియర్డెడ్ డ్రాగన్ పిల్లలపై జరిగి 2010లో ప్రచురించబడిన ఒక అధ్యయనంలో, యువిబి పొందిన పిల్లల రక్తంలో కనిపించిన విటమిన్ డి స్థాయిని నోటి ద్వారా ఇచ్చిన విటమిన్ అందుకోలేకపోయింది. పైగా పొడి ఎక్కువైతే విషంగా మారవచ్చు. చర్మంలో మాత్రం అధికంగా తయారైన ప్రీవిటమిన్ అదే కాంతికి నిరపాయకరమైన ఇతర పదార్థాలుగా మారిపోతుంది. కాల్షియం పొడి అవసరం మాత్రం దీపం ఉన్నా తీరదు.

దీపాల ఎంపిక

నేడు ఎక్కువగా సూచించబడేది టి5 రకం పొడవైన ఫ్లోరెసెంట్ గొట్టం. ఇది పెట్టె పొడవులో సగం నుండి మూడింట రెండు వంతుల వరకు ఉండి, జీవి శరీరమంతటా కిరణాలు పడేలా చేస్తుంది. పాత టి8 గొట్టాలు బలహీనమైనవి కనుక వాటిని మరింత దగ్గరగా అమర్చాలి. మెర్క్యురీ వేపర్ దీపాలు వేడిని, యువిబిని కలిపి ఇస్తాయి గాని, వాటి వెలుగును డిమ్మర్‌తో తగ్గించడం సాధ్యం కాదు. పెద్ద పెట్టెలకే తగినవి. 2000 దశకపు మధ్యకాలంలో అమ్మకానికి వచ్చిన కొన్ని చిన్న కాంపాక్ట్ దీపాలు సూర్యకాంతిలో లేని హ్రస్వ తరంగదైర్ఘ్యాలను వెలువరించడం వలన బల్లుల కళ్ళు వాచి మూసుకుపోయాయి. ఇళ్ళలో వాడే తెల్లని ఎల్‌ఇడి దీపాలలో యువిబి ఉండదు.

దీపం కొన్నంత మాత్రాన కిరణాలు జీవికి చేరినట్లు కాదు. కిటికీ అద్దం యువిబిని దాదాపు పూర్తిగా ఆపివేస్తుంది. అందుచేత కిటికీ ప్రక్కన పెట్టె ఉంచడం వలన ప్రయోజనం లేదు, పైగా ఎండకు గాజు పెట్టె పొయ్యిలా మారి జీవి చనిపోవచ్చు. పెట్టె పైనుండే సన్నని జాలి కూడా 30 నుండి 50 శాతం వరకు కిరణాలను అడ్డుకోవచ్చు. దూరం పెరిగే కొద్దీ తీవ్రత వేగంగా తగ్గుతుంది. టి5 గొట్టాన్ని సాధారణంగా జీవి వీపుకు 30 నుండి 45 సెంటీమీటర్ల దూరంలో అమర్చుతారు.

కిరణాల తీవ్రతను యువి సూచికతో కొలుస్తారు. గ్యారీ ఫెర్గూసన్ బృందం 2010లో సరీసృపాలను అవి ఎండ వాడుకునే తీరును బట్టి నాలుగు మండలాలుగా విభజించింది. బియర్డెడ్ డ్రాగన్‌ను సాధారణంగా మూడవ మండలంలో చేర్చుతారు. దీని ప్రకారం ఎండ కాచుకునే చోట సూచిక 3 నుండి 5 వరకు, చల్లని నీడలో దాదాపు సున్నా ఉండేలా చూస్తారు. గొట్టం పాతబడిన కొద్దీ వెలుగు అలాగే ఉన్నా యువిబి తగ్గిపోతుంది. దీనిని కంటితో కనిపెట్టడం అసాధ్యం. మీటరు లేనివారు తయారీదారు చెప్పిన గడువును బట్టి, ఆరు నెలలకో సంవత్సరానికో గొట్టం మార్చుతారు.

పగలు, రాత్రి

వేసవిలో 12 నుండి 14 గంటలు, శీతాకాలంలో 10 గంటల వరకు దీపాలు వెలిగించి, రాత్రి పూర్తిగా ఆర్పివేయాలి. టైమరు ఉంటే క్రమం తప్పదు. ఎర్ర బల్బు వెలుగు బల్లులకు కనబడదన్న ప్రచారం సరికాదు, అది వాటి నిద్రను చెడగొడుతుంది. రాత్రి ఉష్ణోగ్రత 18 డిగ్రీల కంటే తగ్గే గదులలో, వెలుగు లేకుండా వేడిని మాత్రమే ఇచ్చే సిరామిక్ హీటరు వాడతారు.

లోపం వలన కలిగే వ్యాధి

యువిబి గాని, కాల్షియం గాని చాలనపుడు శరీరం రక్తంలో కాల్షియంను నిలుపుకోవడానికి ఎముకల నుండి దానిని తీసుకుంటుంది. దవడ మెత్తబడడం, కాళ్ళు వంకరపోవడం, వేళ్ళు వణకడం, పొట్టను నేలమీద ఈడ్చుకుంటూ నడవడం దీని లక్షణాలు. వేగంగా పెరిగే పిల్లలలో, గుడ్లు పెట్టే ఆడ బల్లులలో ఇది త్వరగా బయటపడుతుంది. తొలి దశలో దీపాలు సరిచేసి, పశువైద్యుని పర్యవేక్షణలో కాల్షియం ఇస్తే కోలుకుంటాయి. వంగిన ఎముకలు మాత్రం తిరిగి నిటారు కావు.

బల్లి నోరు తెరచి కూర్చోవడం వ్యాధి కాదు, ఒంటి వేడిని తగ్గించుకునే పద్ధతి. అయితే అది రోజంతా చల్లని మూలనే నోరు తెరచి ఉంటే పెట్టె మితిమీరి వేడెక్కి ఉండవచ్చు, లేదా శ్వాసకోశ వ్యాధి సోకి ఉండవచ్చు. రోజంతా దీపం క్రిందనే ముదురు రంగుతో అతుక్కుపోయి ఉంటే వేడి చాలడం లేదని భావించి ఉష్ణోగ్రతను కొలిచి చూడాలి.