దుంగల ట్రైలర్‌కు నాలుగు చక్రాలు ఎందుకు?

ఫిన్లాండ్, స్వీడన్ అడవుల్లో ట్రాక్టర్ వెనక ట్రైలర్ తగిలించి దుంగలు బయటికి తెస్తారు. దారంతా రాళ్లు, మొద్దులు, బురద. అలాంటి నేలకు ట్రైలర్ ఎంచుకునేటప్పుడు ఎంత మోస్తుందన్నదానికంటే ముందు చక్రాల అమరిక చూడాలి. ఒక్కో పక్క రెండు చక్రాలను ఒక దూలానికి బిగించి, అది పార్కులో పిల్లలు చెరోవైపు కూర్చునే బల్లలా ఊగేలా పెడతారు. ఇదే బోగీ. ముందు చక్రం 30 సెంటీమీటర్ల రాయెక్కితే దూలం నడుమ 15 సెంటీమీటర్లే లేస్తుంది. వెనక చక్రం ఎక్కినప్పుడూ అంతే. అంటే రెండు చక్రాల ట్రైలర్‌తో పోలిస్తే ఇది పక్కకు ఒరిగేది సుమారు సగమే. పచ్చి దుంగల్లో నీరు ఎక్కువ, బరువూ ఎక్కువే. ఎత్తుగా పేర్చాక ఆ సగం తేడాయే బోల్తా పడకుండా కాపాడుతుంది.

రెండు చక్రాలది చవక, తేలిగ్గా మలుపు తిరుగుతుంది కదా అనొచ్చు. నిజమే, గట్టి చదును నేల మీద, చిన్న బరువులకు అది చాలు. నాలుగు చక్రాలు మలుపులో నేలను రాస్తాయన్నదీ నిజమే. కానీ బురదలో బరువు నాలుగింటికి పంచుకుంటే గాడి లోతు తగ్గుతుంది. ఆ అడవుల్లోని స్ప్రూస్ చెట్ల వేర్లు నేలపైపొరలోనే ఉంటాయి కనుక అవీ తక్కువ నలుగుతాయి. చలికాలంలో నేల గడ్డకడుతుందిగా, అప్పుడెందుకు బోగీ? బురద గట్టిపడుతుంది గానీ, రాళ్లు, మొద్దులు ఎక్కడివక్కడే ఉంటాయి.