కుక్కపిల్లకు కాల్షియం సిరప్ అవసరమా?

లాబ్రడార్, గ్రేట్ డేన్ వంటి పెద్ద జాతి కుక్కపిల్లను తెచ్చుకున్నవారు ఎముకలు గట్టిపడతాయన్న నమ్మకంతో కాల్షియం సిరప్ కూడా కొనుగోలు చేస్తుంటారు. ఎదిగే పిల్లల కోసం తయారైన సమగ్రాహారం పెడుతున్నప్పుడు ఈ సిరప్ అనవసరమే కాదు, హానికరం కూడా. సుమారు ఆరు నెలల వయసు వరకు కుక్కపిల్ల పేగులు అదనపు కాల్షియాన్ని సమర్థంగా అడ్డుకోలేవు. అవసరానికి మించి ఒంటికి పట్టిన కాల్షియం ఎముకలు, మృదులాస్థి సక్రమంగా ఎదగకుండా చేస్తుంది. కాళ్లు వంకరపోవడం, కుంటడం దాని ఫలితాలు. గ్రేట్ డేన్ పిల్లలపై జరిగిన ప్రయోగాల్లో ఈ సంగతి స్పష్టంగా తేలింది.

ఇంట్లో వండి పెట్టేవారి పరిస్థితి ఇందుకు భిన్నం. మాంసంలో భాస్వరం ఎక్కువ, కాల్షియం అత్యల్పం. కేవలం మాంసం, అన్నం తిని పెరిగే పిల్ల శరీరం తన ఎముకల నుంచే కాల్షియాన్ని తీసుకుంటుంది. అవి పెళుసుబారి చిన్న దెబ్బకే విరుగుతాయి. భాస్వరం ఒక పాలు ఉంటే కాల్షియం ఒకటి నుంచి రెండు పాళ్ల మధ్య ఉండాలి. ఈ లెక్క పశువైద్యులు వేయవలసినదే గాని, దుకాణదారు చెప్పేది కాదు.

ప్రోబయోటిక్‌ల విషయానికొస్తే, ఎంటరోకోకస్ ఫీసియం వంటి బాక్టీరియా విరేచనాలను కాస్త త్వరగా తగ్గించవచ్చు. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు నిత్యం ఇవ్వాలనడానికి బలమైన ఆధారాలు లేవు. గుళికల ఆహారం తయారీలోని వేడికి ఈ సూక్ష్మజీవుల్లో చాలావరకు చనిపోతాయి కనుక వాటిని తర్వాత పూతగా కలుపుతారు.

మనుషుల విటమిన్ మాత్రలు మాత్రం పెట్టరాదు. కొన్నింటిలో తీపి కోసం వాడే జైలిటాల్ కుక్క రక్తంలో చక్కెరను ప్రాణాపాయ స్థాయికి పడగొడుతుంది.