పటికబెల్లపు పలుకు

నార్సింగిలోని మా యింట మనుమనికొఱకు పటికబెల్లము చేయవలెనని ఒకనాడు చిక్కని చక్కెరపాకము కాచి, గాజుపాత్రలో పోసి, అందు దారము వ్రేలాడగట్టితిని. మూడుదినములైనను పలుకు కానరాలేదు. ఓర్పు చాలక గరిటెతో కలిపితిని. కొంతసేపటికే పాకమంతయు ఇసుకవలె రవ్వగట్టినది. ఆ తప్పిదమే నన్ను ఈ విషయము నెఱుగునట్లు చేసినది.

80 డిగ్రీల వేడిమిగల 100 తులముల నీటిలో సుమారు 360 తులముల చక్కెర కరగును. అదే నీరు 20 డిగ్రీలకు చల్లారినచో సుమారు 200 తులములను మాత్రమే భరింపగలదు. మిగిలినది ఎప్పుడైనను బయటపడవలసినదే. అయినను వెంటనే పడదు. చక్కెర అణువులు కొన్ని క్రమముగా కూడి ఒక గుంపు కావలెను. గుంపు మిక్కిలి చిన్నదైనచో మరల కరగిపోవును. తగినంతదైనచో తక్కిన అణువులు గోడకు ఇటుకలవలె దానిపై చేరును. నేను కలిపినప్పుడు వేలకొలది గుంపులు ఒక్కమారే పుట్టినవి. ఒత్తుగా చల్లిన నారుమడిలో ఏ మొక్కయు బలియనట్లు, ఏ పలుకును పెరుగలేదు.

ఇంటిగిన్నెలోని యీ ధర్మమే చక్కెరమిల్లులోను నడచును. బోధనులో 1937లో స్థాపింపబడి, 2015లో మూతపడిన నిజాము షుగర్ ఫ్యాక్టరీ వంటి మిల్లులలో, గాలి తీసివేసిన పెద్దపాత్రలయందు చెరకురసమును తక్కువ వేడిమితో మరిగించి, మెత్తని చక్కెరపొడిని విత్తనముగా వేయుదురు. పాకము పలుచనైనచో విత్తనము కరగును. మితిమీరి చిక్కనైనచో కోరని సన్నరవ్వ పుట్టును. రెంటినడుమ నిలుపుటయే పనివాని నేర్పు.

మన స్త్రీలు పాకములో నిమ్మరసము పిండుదురు గదా! ఆ పులుపు చక్కెరలో కొంతభాగమును రెండు వేఱు చక్కెరలుగా విడదీయును. అవి పలుకు పేర్పునకు అడ్డుపడును. నరికిన చెరకు ఎండలో పడియున్నను ఇట్టి మార్పే కలుగును. కావున చెరకును మిల్లునకు గాని గానుగకు గాని చేర్చుటలో జాగు చేయరాదు.

రెండవమారు నేను దారపుకొనకు చిన్నపలుకు నంటించి, పాకము పూర్తిగా చల్లారిన పిదప వ్రేలాడదీసి, పైని పలుచనిగుడ్డ కప్పి, కదలింపక విడిచితిని. వారమునకు అది శనగగింజంత యైనది. తినుమని మనుమని చేతికిచ్చితిని. వాడు దానిని నోట వేసికొనక, “తాతా, ఇంకను పెరుగునా?” అని అడిగి, మరల పాకములో వ్రేలాడదీసినాడు.