పాతదే అనుకునే కొత్త పెట్టె

మా ఇంట్లో ఐపీఎల్‌కు రెండర్థాలు. పిల్లలకు క్రికెట్. నాకు మాత్రం ఇనీషియల్ ప్రోగ్రామ్ లోడ్, అంటే మెయిన్‌ఫ్రేమ్‌ను మొదటినుంచి లేపడం. శనివారం రాత్రి ‘నాన్నకు ఐపీఎల్ ఉంది’ అంటే ఆదివారం మధ్యాహ్నం దాకా నేను లేవనని మా ఆవిడకు తెలుసు.

వైటూకే రోజుల్లో అమీర్‌పేటలో కోబాల్, జేసీఎల్ నేర్చుకుని అమెరికా విమానం ఎక్కిన బ్యాచ్ మాది. తోటివాళ్లు జావాకో, క్లౌడ్‌కో మారిపోయారు. నేను ఇందులోనే ఉండిపోయాను.

2001 సెప్టెంబర్ 11 తర్వాత ఇక్కడి బ్యాంకులకు రెండో డేటా సెంటర్ ప్రాణావసరమైంది. అది మొదటిదాని కరెంటు మీద, టెలిఫోన్ లైన్ల మీద ఆధారపడకూడదని ఫెడరల్ రిజర్వ్, ఓసీసీ, ఎస్ఈసీ కలిసి 2003లో విడుదల చేసిన పత్రం చెప్పింది. దాంతో డిస్కులన్నీ దూరంగా ఇంకోచోట అచ్చంగా కాపీ అవుతుంటాయి. చిక్కంతా ఆ ‘అచ్చంగా’లోనే ఉంది. డ్రిల్ రోజు అక్కడ లేచే సిస్టమ్ తానే ప్రొడక్షన్ అనుకుంటుంది. అసలు ప్రొడక్షన్ ఇక్కడ నడుస్తూనే ఉంటుంది కదా!

నేను పనిచేసిన ఒకచోట దీనికి మందు ఓ కాగితం. లేపేముందు ఏయే కమాండ్లు ఆపాలో అందులో రాసి ఉండేది. ఓ డ్రిల్‌లో ఒక్క లైను మిస్సయ్యింది. ఆ లైను చూడాల్సింది నేనే. ఫైల్ ట్రాన్స్‌ఫర్ లేచింది, ఎవరివో జీతాల ఫైళ్లు రెండోసారి క్యూలోకి వచ్చేశాయి. నెట్‌వర్క్ అతను బయటి లైను ఇంకా తెరవలేదు కాబట్టి బతికిపోయాం.

తర్వాత కాగితం మానేసి, ఆ పని యంత్రానికే అప్పగించాం. ప్రతి పెట్టెకూ ఒక హార్డ్‌వేర్ పేరుంటుంది, అందులోని ప్రతి ఎల్‌పార్‌కూ ఒక పేరుంటుంది. డిస్కు కాపీ అవుతుంది గానీ పెట్టె పేరు కాపీ కాదు. లేచేటప్పుడు జెడ్ఓఎస్ చదివే లోడ్ మెంబర్‌లోనూ, ఐఈఏసిమ్ మెంబర్‌లోనూ ‘ఈ పేరైతే ఇవి’ అని షరతు పెట్టొచ్చు. మేం సైట్ అనే సింబల్ పెట్టుకున్నాం. దాని విలువ పీఆర్ అయితే ఒక కమాండ్ల జాబితా, డీఆర్ అయితే పేమెంట్లు, బయటి లైన్లు లేని ఇంకో జాబితా.

ముందుగా అందరికీ డీఆర్ అనే రాశాం. కింద, ప్రొడక్షన్ పెట్టె పేరు కలిస్తేనే పీఆర్. ఆఖరున కలిసిన విలువే నిలుస్తుంది. దీనిమీద మా టీంలో పెద్ద గొడవే అయింది. కొత్త యంత్రం వేరే పేరుతో వస్తే ప్రొడక్షనే డీఆర్ అనుకుంటుంది కదా అన్నారు. నిజమే. కానీ అప్పుడు జీతాలు ఆలస్యమవుతాయి. రెండో రకం తప్పులో రెండుసార్లు పడతాయి. వెనక్కి రాబట్టడం ఎంత నరకమో ఆ పని చేసినవాళ్లనే అడగాలి.

మరి నిజంగానే విపత్తు వస్తే? అప్పుడు డీఆర్ పెట్టే పేమెంట్లు పంపాలి. పేరు చూసి యంత్రం అది తేల్చలేదు. అందుకే రెండో లోడ్ మెంబర్ ఒకటి సిద్ధంగా ఉంచాం. కన్సోల్‌లో ఇచ్చే 8 అక్షరాల లోడ్ పారామీటర్‌లో 5, 6 అక్షరాలు మారిస్తే అది పనిలోకి వస్తుంది. మార్చమని చెప్పాల్సింది మేనేజర్, మార్చాల్సింది మనిషి.

మొన్నటి డ్రిల్‌లో హైదరాబాద్ నుంచి కాల్‌లో ఉన్న కొత్తమ్మాయి ‘సార్, ఇదంతా ఆటోమేటిక్ కదా, మళ్లీ ఎందుకు చూస్తున్నారు?’ అంది. నేను అప్పటికే డి సింబల్స్ కమాండ్ కొట్టి, సైట్ ఉన్న లైను కోసం వెతుకుతున్నాను. డీఆర్ అని కనిపించాకే కాఫీకి లేచాను.