బీటెక్ మ్యాథ్స్: ఎగ్జామ్ కోసం బట్టీ పట్టే ఆ లెక్కే.. మీ ఫోన్‌లో వీడియో నడిపిస్తోంది!

బీటెక్‌లో బ్యాక్‌లాగ్ అనగానే ముందు గుర్తొచ్చేవి ఎం1, ఎం2, ఎం3. ఇంటర్‌లో 75కి 75 తెచ్చుకున్నవాళ్లు కూడా ఇక్కడ తడబడుతుంటారు. "ఇదంతా ఎక్కడ వాడతాం సార్?" అని అడిగితే, "ఎగ్జామ్‌లో వస్తుంది, రాసుకోండి" అనే జవాబే ఎక్కువ.

నిజానికి మీరు ఇప్పుడు ఫోన్‌లో చూస్తున్న వీడియోలోనే ఆ జవాబు ఉంది. పేపర్లో తరచూ వచ్చే లెక్క ఒకటి చూద్దాం. ఎఫ్(ఎక్స్) = ఎక్స్, 0 నుంచి 1 వరకు. దీనికి హాఫ్ రేంజ్ సైన్ సిరీస్, కొసైన్ సిరీస్ రాయాలి. సైన్‌లో ఎన్ విలువ 9 దగ్గర వచ్చే పదం, మొదటి పదంలో 9వ వంతు. అదే కొసైన్‌లో అయితే 81వ వంతే! ఎందుకంటే కొసైన్ సిరీస్ ఫంక్షన్‌ని అద్దంలో ప్రతిబింబంలా అతికిస్తుంది. అంచు దగ్గర గెంతు ఉండదు. అందుకే పదాలు గబగబా చిన్నవైపోతాయి. వాటిని తీసేసినా పెద్దగా తేడా తెలియదు.

బెంగళూరులో పుట్టిన నాసిర్ అహ్మద్ 1972లో ఇలాంటి ఆలోచనతోనే అమెరికాలో రీసెర్చ్ ఫండ్ అడిగితే ఇవ్వలేదు. అయినా ఆయన వదల్లేదు. టి.నటరాజన్, కామిశెట్టి రామమోహన్ రావులతో కలిసి 1974 జనవరిలో పేపర్ ప్రచురించారు. అదే డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్, షార్ట్‌గా డీసీటీ.

జేపెగ్ ఫొటోని 8x8 గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడిలోని 64 పిక్సెళ్లను 64 కొసైన్ పదాలుగా మారుస్తారు. చిన్న పదాలు చాలావరకు సున్నా అయిపోతాయి, ఫైల్ సైజు తగ్గిపోతుంది. చాలా వీడియో ఫార్మాట్లూ డీసీటీనో, దాని దగ్గరి రూపాన్నో వాడతాయి. నెట్ స్లో అయితే బొమ్మ గళ్లు గళ్లుగా కనిపిస్తుంది కదా.. అవి ఈ గళ్లే.

స్టెప్పులు బట్టీ కొడితే ఎం2 గట్టెక్కొచ్చు. కానీ ఈసీఈ వాళ్లకు సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్‌లో మళ్లీ ఇదే ఎదురవుతుంది, అక్కడ బట్టీ పనిచేయదు. ఎన్‌పీటెల్‌లో వీడియో పాఠాలు ఫ్రీగానే ఉన్నాయి. అంతకన్నా ముందు ఓ పని చేయండి. పై లెక్కకు రెండు సిరీస్‌లలోనూ ఐదేసి పదాలు తీసుకుని పైథాన్‌లోనో, జియోజీబ్రాలోనో గ్రాఫ్ గీయండి. కొసైన్ గీత చక్కగా కూర్చుంటుంది. సైన్ గీత మాత్రం 1 దగ్గర పైకి లేచి, ఊగి, సున్నాకి పడిపోతుంది. ఆ ఊగుడు పేరే గిబ్స్ ఫినామినన్. వైవాలో అడిగినా అడుగుతారు!