ప్రొబేట్

వీలునామా అసలైనదేనని కోర్టు ఇచ్చే ధ్రువీకరణే ప్రొబేట్. కలకత్తా, మద్రాసు, బొంబాయి నగరాల ఆస్తుల విషయంలో 1925 నాటి భారత వారసత్వ చట్టం 213వ సెక్షన్ దీన్ని హిందువులకు తప్పనిసరి చేసింది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ సెక్షన్‌ను తీసేసింది.

జనగామ జిల్లా కొడకండ్లలో ఇల్లున్న హిందూ కుటుంబాలకు అంతకుముందూ ఆ నిర్బంధం లేదు. అయినా పేచీలు తప్పవు. వీలునామాకు తెల్లకాగితం చాలు, ఇద్దరు సాక్షుల సంతకాలు మాత్రం ఉండాల్సిందే. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా చేయించడమే మేలు. మంచాన పడ్డ తండ్రితో వేలిముద్ర వేయించుకున్నారని రేపు ఒక కొడుకు అడ్డం తిరిగితే, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు రికార్డు అక్కరకొస్తుంది.

వీలునామాకు బదులు గిఫ్ట్ డీడ్ రాస్తే, రాసినవారు బతికుండగానే ఇల్లు చేయి దాటిపోతుంది. తల్లిదండ్రులను చూసుకోవాలన్న షరతు అందులో రాయించాలి. పిల్లలు మాట తప్పితే 2007 వృద్ధుల సంక్షేమ చట్టం కింద రద్దు కోరవచ్చు.