50 దగ్గర పడ్డాక బ్రేక్ వచ్చింది!

బీటెక్ అయి ఏడాది దాటినా ఆఫర్ లెటర్ రాలేదా? 'ఇంకా ఖాళీయేనా?' అని చుట్టాలు అడుగుతారని ఫంక్షన్లకే వెళ్లడం మానేశారా? అయితే బ్రిటిష్ నటి లిజ్ స్మిత్ కథ మీకోసమే.

పేరు కొత్తగా అనిపించినా, ఆవిణ్ని మీరు చూసే ఉంటారు. 2005లో వచ్చిన 'చార్లీ అండ్ ద చాక్లెట్ ఫ్యాక్టరీ'లో నలుగురు ముసలివాళ్లు ఒకే మంచం మీద ఉంటారు కదా! అందులో జార్జినా బామ్మ ఈవిడే.

1921లో ఇంగ్లండ్‌లోని స్కంథార్ప్‌లో పుట్టారు. చిన్నప్పుడే తల్లి చనిపోయింది. పెళ్లి విడాకులతో ముగిసింది. ఇద్దరు పిల్లల బాధ్యత ఆవిడ మీదే పడింది. ఇల్లు గడవడానికి దొరికిన పనల్లా చేశారు. నాటకాలను మాత్రం వదల్లేదు. లండన్‌లో దర్శకుడు చార్లెస్ మారోవిట్జ్ బృందంలో చేరి, స్క్రిప్టు లేకుండా అప్పటికప్పుడు నటించడం సాధన చేశారు. అది అప్పట్లో పెద్దగా డబ్బు తెచ్చే విద్య కాదు.

హామ్లీస్‌లో బొమ్మలు అమ్ముతుండగా కబురొచ్చింది. మైక్ లీ అనే యువ దర్శకుడు తన తొలి సినిమా 'బ్లీక్ మూమెంట్స్' (1971) తీస్తున్నాడు. ఆయన రెడీమేడ్ స్క్రిప్టుతో మొదలుపెట్టడు, నటులతో రిహార్సల్స్ చేయిస్తూ పాత్రలు పుట్టిస్తాడు. ఆయనకు కావాల్సింది సరిగ్గా ఆవిడ నేర్చుకున్న విద్యే! పాత్ర చిన్నదే. కానీ 1973లో అదే దర్శకుడు 'హార్డ్ లేబర్'లో ప్రధాన పాత్ర ఇచ్చాడు. 'ఎ ప్రైవేట్ ఫంక్షన్' (1984)కు ఉత్తమ సహాయనటిగా బాఫ్టా అవార్డు వచ్చింది. 1998లో మొదలైన 'ద రాయల్ ఫ్యామిలీ' సీరియల్‌లో బామ్మగా ఇంటింటికీ తెలిశారు. హీరోయిన్ కాకుండానే దాదాపు 40 ఏళ్లు కెరియర్ నడిపారు.

'అంతా లక్కు' అంటారా? లక్కు ఉంది, కాదనలేం. అలాంటి ఫోన్ రాని వాళ్లూ ఎంతోమంది ఉంటారు. అయితే ఫోన్ వచ్చేసరికి ఆవిడ చేతిలో పని ఉంది. అది మాత్రం లక్కు కాదు.

మీరు చేయగలిగింది ఇదే. ఖర్చులకు ఏదో ఒక ఉద్యోగం చేయండి, బీపీఓ అయినా షాపైనా నామోషీ వద్దు. రోజుకో గంట మీ స్కిల్‌కు కేటాయించండి. ఒంటరిగా కాకుండా, నలుగురు కలిసి పనిచేసే చోట చేరండి. పని చూసినవాళ్లే పిలుస్తారు. చిన్న ప్రాజెక్టని వదులుకోకండి. రేపు ఇంటర్వ్యూలో 'ఈ గ్యాప్‌లో ఏం చేశారు?' అని అడిగితే, చూపించడానికి మీ దగ్గర ఒకటుండాలి. దాన్ని ఈ వారమే మొదలుపెట్టండి.